సిస్టరమ్మగారిని అడగండి: యోగా చాప, ఉప్పు ప్యాకెట్టు, మందుల కార్డు

ఈ నెల ఉత్తరాల్లో రోగులవి తక్కువ, సిబ్బందివి ఎక్కువ. విలేజ్ హెల్త్ క్లినిక్కుల నుంచి, సబ్‌సెంటర్ల నుంచి, చివరికి ఒక పెద్దాసుపత్రి వార్డు నుంచి కూడా రాశారు. పేర్లు వేయవద్దని దాదాపు అందరూ కోరారు కనుక జిల్లాలతో సరిపెడుతున్నాను. ఏఎన్‌ఎంగా, అంటే ఊళ్ళు తిరిగే నర్సుగా చేరి పబ్లిక్ హెల్త్ నర్సుగా రిటైరైనదాన్ని. జవాబుల్లో ఎక్కడైనా పక్షపాతం కనిపిస్తే అది ఆ ఉద్యోగం చలవే అనుకోండి.

ప్రశ్న: పల్నాడు జిల్లాలో ఒక విలేజ్ హెల్త్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీగా (క్లినిక్ చూసుకునే మధ్యస్థాయి ఆరోగ్య సిబ్బందిగా) పనిచేస్తున్నాను. నెలనెలా యోగా, పోషకాహారం, బీపీ, షుగర్‌ల మీద కార్యక్రమాలు పెట్టాలి. ప్రతిసారీ అదే ఆరుగురు మామ్మలు వస్తారు. బ్యానర్ కట్టి, ఫొటో తీసి గ్రూపులో పెట్టడంతో ఆ పూట గడిచిపోతోంది. జనం రావాలంటే ఏం చేయాలి సిస్టరమ్మా?

జవాబు: ముందు ఆ ఆరుగురినీ తీసిపారేయకు తల్లీ. ఏ ఇంట్లో ఎవరు మాత్రలు మానేశారో, ఏ కోడలు నెల తప్పిందో నీ రిజిస్టరు కంటే ముందు వాళ్ళకు తెలుస్తుంది. వాళ్ళకు ఇంత టీ పోసి ఆ కబుర్లు విను. సగం సర్వే అక్కడే అయిపోతుంది.

కార్యక్రమం ఎన్ని గంటలకు పెడుతున్నావో రాయలేదు. పదకొండింటికని పందెం కాస్తాను. మీ వైపు మిరప కోతల కాలంలో పొద్దున్నే ఆటోలు, ట్రాక్టర్లు కూలీలతో నిండి వెళ్ళిపోతాయి. వాళ్ళు తిరిగి ఊళ్ళో అడుగుపెట్టేది సాయంత్రమే. పదకొండింటికి ఊళ్ళో మిగిలేది మామ్మలు, చంటిపిల్లల తల్లులు, రచ్చబండ మీద పేకాటరాయుళ్ళు. బీపీ ఉండీ తనకు తెలియని నలభై అయిదేళ్ళ మనిషి ఆ వేళకు చేలో ఉంటాడు. ఈ తతంగమంతా అతని కోసమే కదా!

అందుకని జనం ఎలాగూ పోగయ్యే చోటికి నువ్వే వెళ్ళు. పొదుపు సంఘం సమావేశం సాయంత్రం పెట్టుకుంటారు. అప్పులు, వడ్డీల లెక్క తేలేలోపు ఒక్కొక్కరి బీపీ చూసేయవచ్చు. ఒకటో తేదీన పింఛను ఇంటికే వస్తుంది కాబట్టి ఆ ఉదయం పెద్దవాళ్ళు గడప దాటరు. బీపీ మిషన్ పట్టుకుని వీధి వెంట వెళ్ళడానికి అంతకంటే మంచి రోజు దొరకదు. ఎండాకాలంలో ఉపాధి హామీ పని జరిగే చోట, పని ఆపి నీడకు చేరే వేళ పట్టుకో.

యోగా గురించి నా మాట కొందరికి నచ్చకపోవచ్చు. రోజంతా వంగి మిరపకాయలు కోసిన మనిషికి సాయంత్రం సూర్య నమస్కారాలు నేర్పబోతే నవ్వుతుంది, నవ్వాలి కూడా. ఆమెకు కావలసింది కాసేపు నడుం వాల్చే తీరిక, మోకాళ్ళ నొప్పికి సరైన సలహా. నొప్పి బిళ్ళలు కొట్లో కొని రోజూ మింగితే కిడ్నీలకు ముప్పని, బీపీ కూడా పెరుగుతుందని చెప్పే మనిషి కావాలి. యోగా చాప దర్జీకి, కిరాణా కొట్టు యజమానికి, సచివాలయంలో కుర్చీకి అంటుకుపోయిన ఉద్యోగులకు పరచు. వారానికి 150 నిమిషాలైనా చురుగ్గా నడవమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మాట ముందు వాళ్ళ చెవిన వేయి.

ఇక ఉపన్యాసం మానేసి ఉప్పు లెక్క కట్టించు. పెద్దవాళ్ళకు రోజుకు 5 గ్రాములలోపే ఉండాలి, అంటే తలకొట్టిన చిన్న చెంచాడు. నలుగురున్న ఇంటికి నెలకు 600 గ్రాములు. "మీ ఇంట్లో నెలకు ఎన్ని ప్యాకెట్లు అవుతాయి?" అని అడుగు. కిలో ప్యాకెట్టు ఒకటి అంటారు. నలుగురికి, ముప్పై రోజులకు పంచి చూపించు. మనిషికి రోజుకు 8 గ్రాములు దాటిపోతుంది. ఆవకాయలో పోసిన కల్లుప్పు, అప్పడాలు, ఉప్పుచేప, కొట్లో కొన్న మిక్చర్ ఇంకా లెక్కలోకి రానేలేదు. నేను ఈ లెక్క కట్టించినప్పుడు ఒకావిడ లేచి, "మా గేదెలకు కూడా ఆ ప్యాకెట్లోదే వేస్తాం" అని వాదించింది. సరే, గేదెల వాటా తీసేసి మళ్ళీ కట్టమన్నాను. కట్టింది, నోరు నొక్కుకుంది. ఊళ్ళో వారం రోజులు అదే చర్చ. పచ్చడి మానేయమని మాత్రం చెప్పకు, మానరు సరికదా రేపటి నుంచి నిన్ను చూసి పక్క సందులోకి తిరుగుతారు. పచ్చడి కలిపిన పూట మజ్జిగలో ఉప్పు వేసుకోవద్దని, అన్నం వండేటప్పుడు ఉప్పు వేసే అలవాటు ఉంటే మానమని చెప్పు. అది చేస్తారు.

నడుం కొలిచే టేపుతో జాగ్రత్త. బీపీ, షుగర్ లాంటి జబ్బుల ముప్పు అంచనాకు ముప్పై దాటినవారందరికీ నింపే సీబ్యాక్ ఫారంలో ఆడవారికి 80, మగవారికి 90 సెంటీమీటర్లు దాటితే స్కోరు పెరుగుతుంది. మొత్తం స్కోరు నాలుగు దాటినవారిని ముందుగా పరీక్షలకు పిలవాలి. ఇది నీకు తెలిసిందే. కానీ పదిమంది మధ్యలో ఒకావిడ నడుం కొలిచి అంకె పైకి చదివితే ఆవిడ మళ్ళీ నీ గడప తొక్కదు. తలుపు చాటున కొలిచి చీటీ మీద రాసుకో.

మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో రజనీకాంత్, మేబెల్ ఆరోలే దంపతులు 1970లో పని మొదలుపెట్టినప్పుడు, కరువుతో అల్లాడుతున్న ఆ జనం ముందు అడిగింది మందులు కాదు, తిండి, నీళ్ళు. వాళ్ళు అక్కడి నుంచే మొదలుపెట్టారు. తర్వాత ఆ ఊళ్ళ ఆడవాళ్ళే, చదువు రానివాళ్ళే, పురుళ్ళు పోస్తూ, పిల్లల బరువులు చూస్తూ ఆరోగ్య కార్యకర్తలయ్యారు. మీ ఊరు ఏమి అడుగుతోందో ఒకసారి మామ్మలనే అడుగు.

ఫొటో అడిగినవారికి ఫొటో పెట్టు, తగాదా ఎందుకు. నీ కోసం మాత్రం వేరే నోటుబుక్కు పెట్టుకో. ఈ నెల మాత్రలకు రావలసినవారు ఎంతమంది, రానివారు ఎవరు, ఎందుకు రాలేదు. 2018 ఏప్రిల్ 14న ఛత్తీస్‌గఢ్‌లోని జాంగ్లాలో మీ క్లినిక్ లాంటి కేంద్రాల్లో మొదటిదాన్ని హెల్త్ అండ్ వెల్‌నెస్ కేంద్రం అన్న పేరుతో తెరిచారు. 2023లో వాటి పేరును ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్‌గా మార్చారు. బోర్డు మీద ఏ పేరున్నా, నీ కేంద్రం నడుస్తోందో లేదో ఆ నోటుబుక్కులో తెలుస్తుంది.

ప్రశ్న: మా ఆయనకు 52 ఏళ్ళు. బీపీ ఉందని క్లినిక్‌లో మాత్రలు ఇస్తున్నారు. నెల వాడి, "ఒంట్లో బాగానే ఉంది" అని మానేశారు. సర్కారు మాత్రల్లో పవరు ఉండదని కూడా అంటారు. పైగా మా ఊరి క్లినిక్‌లో చూస్తే 150, బయట ఆర్ఎంపీ దగ్గర చూస్తే 130. ఏది నమ్మాలి? (గృహిణి, ఏలూరు జిల్లా)

జవాబు: ఒంట్లో బాగుందంటే బీపీ పోయిందని కాదమ్మా! బీపీకి చాలామందిలో ఏ లక్షణమూ ఉండదు. తల తిరిగితేనే బీపీ అనుకునేవాళ్ళు ఒక్కోసారి పక్షవాతంతోనే ఆ సంగతి తెలుసుకుంటారు. మాత్ర ఆపితే కొద్ది రోజుల్లో అంకె మళ్ళీ పైకి పోతుంది. తగ్గించాలన్నా ఆపాలన్నా డాక్టరుగారు చెప్పాలి.

మాత్రల పవరు సంగతి. క్లినిక్‌లో ఇచ్చే ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్ బయట మెడికల్ షాపులో వేరే పేరుతో అమ్మే మందులే. అట్టపెట్టె అందంగా ఉండదు, అంతే. మీవారిది అట్టపెట్టె మీద అనుమానమైతే, ఆ మందు పేరు రాసుకుని మెడికల్ షాపులో చూపించి అడగమనండి.

ఇక 150, 130 సంగతి. రెండూ నిజం కావచ్చు, రెండూ తప్పు కావచ్చు. ఎలా చూశారన్నది ముఖ్యం. సైకిలు తొక్కుకుంటూ వచ్చిన మనిషిని నిలబెట్టి, చొక్కా చేయి మీదే పట్టీ చుట్టి, పక్కవాళ్ళతో మాట్లాడిస్తూ చూస్తే ఆ అంకెకు విలువ లేదు. ఈసారి మీరు పక్కనే ఉండి గమనించండి. చూసే ముందు అరగంట టీ, కాఫీ, బీడీ ఉండకూడదు. మూత్రానికి వెళ్ళి రావాలి. వీపు ఆనించి, పాదాలు రెండూ నేలమీద పెట్టి, కాలు మీద కాలు లేకుండా అయిదు నిమిషాలు ఊరకే కూర్చోవాలి. పట్టీ చర్మానికే తగలాలి. చేయి బల్లమీద, గుండె ఎత్తున ఉండాలి. చూస్తున్నంతసేపూ ఇద్దరూ మాట్లాడకూడదు. ఒకటి రెండు నిమిషాలు ఆగి ఇంకోసారి చూడాలి. ఇలా చూసినప్పుడు వేర్వేరు రోజుల్లో 140/90 గానీ, అంతకు మించి గానీ వస్తుంటే అది బీపీయే, ఆర్ఎంపీగారు ఏమన్నా సరే.

మందుల కార్డు మీవారి జేబులో కాకుండా మీ దగ్గర పెట్టుకోండి. అయిపోవడానికి అయిదు రోజుల ముందే వెళ్ళి తెచ్చుకోవాలి. పనికి పోతే ఆయనకు కుదరదు. 104 బండితో డాక్టరుగారు మీ ఊరికి వచ్చే రోజు ఏదో ఆశాను అడిగి, ఆ ఒక్క పూట ఆయన్ని ఇంట్లో ఆపండి. ఆపడం ఎలాగో నేను చెప్పాలా?

ప్రశ్న: ప్రకాశం జిల్లాలో ఏఎన్‌ఎంని. గర్భిణులకు ఒక యాప్, టీకాలకు ఒకటి, బీపీ-షుగర్ సర్వేకు ఒకటి, జ్వరాలకు ఒకటి. ముఖం చూపించి వేసే హాజరు వేరే. పగలు ఊళ్ళో తిరిగి రాత్రి పదకొండు దాకా డేటా ఎక్కిస్తున్నాను. పిల్లలు నా ఫోనును చూసి "నీ యజమాని పిలుస్తున్నాడు" అంటున్నారు. ఊరందరి బీపీ చూస్తాను. నాది చూసి రెండేళ్ళు దాటింది. మొన్న సమీక్షలో మాకు కూడా యోగా పెడతామన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఎవరితో చెప్పుకోను?

జవాబు: నాతో చెప్పావుగా. ఉత్తరం ఒకటికి రెండుసార్లు చదివాను.

యోగా చెడ్డదని కాదు. కానీ ఒక సబ్‌సెంటర్‌లో మరుగుదొడ్డికి తలుపు లేకపోతే అక్కడి ఏఎన్‌ఎం ఏం చేస్తుందో అధికారులకు తెలుసా? పొద్దున ఇంట్లో తాగిన నీళ్ళే, మళ్ళీ మూడింటికి ఇంటికెళ్ళాకే. దారిలో ఎక్కడా తాగదు, తాగితే వెళ్ళాలి గనుక. నెలసరి రోజుల్లో సంగతి చెప్పనే అక్కర్లేదు. మూత్రనాళ ఇన్‌ఫెక్షన్లతో బాధపడే ఆరోగ్య సిబ్బందిని ఎంతమందిని చూశానో! వాళ్ళే గర్భిణులకు నీళ్ళు బాగా తాగమని చెబుతుంటారు. సిబ్బంది సంక్షేమం అన్న మాట ఎవరైనా ఎత్తితే నేను మొదట అడిగేది తలుపు గడియ ఉందా అని, తర్వాత కుర్చీ, ఫ్యాను. యోగా వీటి తర్వాతి వరుసలో వస్తుంది.

రాసి అడుగు. నోటిమాట గాలిలో పోతుంది. ఆరోగ్య మందిరంగా మారిన సబ్‌సెంటర్‌కు జన ఆరోగ్య సమితి ఉంటుంది. సర్పంచ్ అధ్యక్షత వహిస్తారు. ఏడాదికి 50,000 రూపాయల అన్‌టైడ్ నిధి, అంటే అవసరాన్ని బట్టి స్థానికంగా ఖర్చు చేసుకునే డబ్బు, దాని చేతిలో ఉంటుంది. చిన్న మరమ్మతులకు ఆ డబ్బు వాడవచ్చు. తలుపు, నీళ్ళ ట్యాంకు, కుళాయి అని మూడు ముక్కలు రాసి, మీ ఎంఎల్‌హెచ్‌పీ చేత ఎజెండాలో పెట్టించి, తీర్మానం పుస్తకంలో ఎక్కేదాకా కదలకు.

డేటా సంగతిలో నేను మంత్రం వేయలేను. యాప్‌లు తగ్గించడం పైవారి చేతిలో పని, ఆ మాట అనవలసింది కూడా వాళ్ళ ముందే. సమీక్షకు వెళ్ళినప్పుడు "పని ఎక్కువగా ఉంది సార్" అనకు. ఆ మాట వాళ్ళు రోజూ వింటారు. ఒక గర్భిణి పేరు, ఫోను నంబరు, పుట్టిన తేదీ ఎన్ని చోట్ల ఎక్కించావో ఒక కాగితం మీద పక్కపక్కన రాసి చూపించు. నువ్వూ పక్క సబ్‌సెంటర్ల ఏఎన్‌ఎంలూ కలిసి చూపించండి. వారంలో ఒక అర పూట ఊరి పని లేకుండా డేటాకే కేటాయించమని మెడికల్ ఆఫీసరుగారిని అడగండి. ఆ పాటి సర్దుబాటు పీహెచ్‌సీలో కొందరు చేసి చూపించారు. రాత్రి తొమ్మిది తర్వాత నువ్వు ఎక్కించిన అంకెల్లో తప్పులు దొర్లుతాయి. వాటిని సరిచేయడానికి మర్నాడు ఇంకో గంట. ఈ మాట కూడా వాళ్ళకు చెప్పు, అంకెల భాష వాళ్ళకు బాగా అర్థమవుతుంది.

ఇప్పుడు నీ సంగతి. వచ్చే ఆశా డే రోజున మీరంతా పీహెచ్‌సీలో కలుస్తారు. సమావేశం మొదలు కాకముందే ఒకరి బీపీ ఒకరు చూసుకోండి, వేలి చివర చుక్క రక్తంతో షుగర్ చూసుకోండి. ముప్పై దాటినవారందరికీ పరీక్షలని మనమే ఊరూరా చెబుతాం. ఏఎన్‌ఎంకు ముప్పై దాటవా? నీ పేరు మీద కూడా ఒక కార్డు తెరిపించు. రక్తహీనత పరీక్ష మరవకు. పొద్దున టిఫిను మానేసి తిరిగే నీలాంటివాళ్ళలో హిమోగ్లోబిన్ ఎంతుంటుందో నాకు తెలుసు.

ఏడుపు వచ్చిందన్నావు. రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, ఏ పని మీదా మనసు లేకపోయినా, బతకాలనిపించకపోయినా ఆలస్యం చేయకు. 14416కి ఫోను చేయి. అది టెలీ మానస్, 2022 అక్టోబరు నుంచి ఉంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు. ఈ నంబరు గోడమీద అంటించింది నువ్వే అయి ఉంటావు. నీకూ వర్తిస్తుంది.

ప్రశ్న: వరంగల్‌లో కొత్తగా చేరిన స్టాఫ్ నర్సును. ఇంజక్షన్ చేశాక మూత పెట్టబోతే సూది వేలికి గుచ్చుకుంది. సీనియర్లు "ఏమీ కాదు, రక్తం పిండేసెయ్" అన్నారు. చెబితే తిడతారని భయం. ఇలాంటప్పుడు ఏం చేయాలి?

జవాబు: ఈ పత్రిక వచ్చేదాకా ఆగే ప్రశ్న కాదని విడిగా జవాబు పంపాను. మిగిలినవారి కోసం ఇక్కడ వేస్తున్నాను. పిండకూడదు, నోట్లో పెట్టకూడదు. సబ్బుతో, పారే నీటితో కడగాలి. వెంటనే ఇన్‌చార్జికి చెప్పి రిజిస్టరులో రాయించాలి. హెచ్ఐవీ సోకకుండా వాడే మందులు అవసరమా కాదా డాక్టరు తేలుస్తారు. అవసరమైతే రెండు గంటల్లోపు మొదలుపెట్టడం మేలు, 72 గంటలు దాటితే ఉపయోగం లేదు, మొదలుపెడితే 28 రోజులు వాడాలి. హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ పడ్డాయో లేదో అప్పుడే చెప్పాలి. పడకపోతే దానికి చేయవలసిన చికిత్స వేరే ఉంది. వాడిన సూదికి మూత పెట్టే అలవాటు మానెయ్. కట్టర్‌లో తుంచి, గుచ్చుకోని తెల్ల డబ్బాలో వేసెయ్యడమే. తిడతారని దాచిపెడితే నష్టం నీకే. తిట్టేవాళ్ళ వేలికి గుచ్చుకోలేదు.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక బస్తీలో ఉంటాం. నాలుగిళ్ళలో పాచిపని చేస్తాను. మా దవాఖానాలో మందులు ఇస్తారు, పరీక్షలు చేస్తారు, అంతా ఉచితమే. కానీ అక్కడి సిస్టర్ ముఖాన నవ్వు ఉండదు. "పోయిన వారం ఎందుకు రాలేదు" అని అందరి ముందు అరిచింది. నాకు పని మానితే జీతం కోస్తారు. వెళ్ళాలంటేనే మనసు రావడం లేదు. (మా అమ్మాయి చేత రాయిస్తున్నాను.)

జవాబు: అందరి ముందు అరవడం తప్పమ్మా. దానికి సమర్థన లేదు. నర్సునై ఉండి చెబుతున్నాను.

బస్తీ దవాఖానాలు 2018లో మొదలైనప్పటి నుంచి ఒక డాక్టరు, ఒక నర్సు, ఒక సహాయకురాలు, ఈ ముగ్గురితోనే నడుస్తాయి. బీపీ చూడడం, రక్తం తీయడం, మాత్రలు లెక్కపెట్టి ఇవ్వడం, కంప్యూటర్లో ఎక్కించడం, వరుసలో తగాదా తీర్చడం, అన్నీ ఆ ఒక్క సిస్టరే. వర్షాకాలం జ్వరాల్లో ఆమెకు అన్నం తినే వేళ ఉండదు. ఇది ఆమె కోపానికి కారణం కావచ్చు కానీ, ఆ కోపం మీ మీద పడడానికి మీరేమీ చేయలేదు.

మీరు మాత్రం వెళ్ళడం మానకండి. జనం తక్కువగా ఉండే వేళ ఏదో సహాయకురాలిని అడగండి. చాలా చోట్ల మధ్యాహ్నం భోజనాల తర్వాత పలచగా ఉంటుంది. అప్పుడు వెళ్ళి, "సిస్టరమ్మా, నాలుగిళ్ళ పని, ఈ వారం కుదరలేదు, నెలకు సరిపడా ఇస్తే తప్పక వాడతాను" అని మీ కష్టం ఒక ముక్కలో చెప్పండి. కంట్రోల్లో ఉన్న బీపీకి ముప్పై రోజుల మాత్రలు ఒకేసారి ఇవ్వవచ్చు. అప్పటికీ అరిస్తే డాక్టరుగారితో చెప్పండి. మీ అమ్మాయి రాయగలదు కదా, ఫిర్యాదు కాగితం కూడా రాయగలదు.

ఇది చదువుతున్న సిస్టర్లకు ఒక మాట. ఆలస్యంగా వచ్చిన రోగిని "ఎందుకు రాలేదు" అని కాకుండా "వచ్చావు, మంచిది, మాత్రలు ఎన్ని రోజుల క్రితం అయిపోయాయి?" అని అడిగి చూడండి. మీకు కావలసిన సమాచారం కూడా రెండో ప్రశ్నలోనే దొరుకుతుంది.

ప్రశ్న: శ్రీకాకుళం జిల్లాలో ఆశా కార్యకర్తను. మా ఊళ్ళో ముసలమ్మలు చాలామంది అడ్డపొగ తాగుతారు. నోటి క్యాన్సర్ పరీక్షకు రమ్మంటే "యాభై ఏళ్ళుగా తాగుతున్నా, ఏమైంది" అంటారు. గర్భాశయ పరీక్ష మాట ఎత్తితే అసలు పలకరు. ఎలా ఒప్పించను?

జవాబు: మిగతా జిల్లాలవారికి తెలియకపోవచ్చు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని తాగడమే అడ్డపొగ. మీ తీరప్రాంతంలో ఆడవాళ్ళలో తరతరాలుగా ఉంది. ఆ వేడి, పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. అందుకే మీ వైపు అంగిలి క్యాన్సర్ మిగతా చోట్ల కంటే ఎక్కువగా కనిపిస్తుంది.

క్యాన్సర్ మాటతో మొదలుపెట్టకు. నోట్లో మంటగా ఉందా, కారం తినలేకపోతున్నారా అని అడుగు. ఆ బాధ ఆవిడకు ఉంటుంది, ఎవరూ అడిగి ఉండరు. తల వెనక్కి వాల్పించి, ఫోను లైటు వేసి అంగిలి చూడు. తెల్లగా మందంగా మారి, మధ్యలో ఎర్రటి చుక్కలు ఉంటాయి. అందులో మానని పుండు గానీ, గడ్డ గానీ, ఎర్రటి మచ్చ గానీ కనిపిస్తే ఆ రోజే ఎంఎల్‌హెచ్‌పీకి చూపించాలి. వీలుంటే ఒక చిన్న అద్దం పెట్టి ఆవిడ అంగిలి ఆవిడకే చూపించు. నూరు మాటలు చెప్పినా కదలని మనిషి అది చూశాక తానే లేస్తుంది. ఒకేసారి మానలేకపోతే ముందు ఆ నిప్పు కొస నోట్లో పెట్టడమైనా ఆపించు. అక్కడితో వదలకు. మామూలు చుట్టా మంచిది కాదు.

గర్భాశయ ముఖద్వారం పరీక్షకు ఒంటరిగా ఎవరూ రారు. తోటికోడళ్ళు, ఇరుగుపొరుగు కలిసి ఆటోలో వెళ్ళేలా చూడు. 30 నుంచి 65 ఏళ్ళ మధ్య అయిదేళ్ళకోసారి చాలు. పలచటి ఎసిటిక్ ఆమ్లం దూదితో అద్ది ఒక నిమిషం ఆగి చూస్తారు, కోత లేదు, కుట్టు లేదు. చూసేది ఆడ సిబ్బందేనని ముందే చెప్పు, కర్టెన్ ఉందో లేదో నువ్వు ముందే వెళ్ళి చూసుకో. ఒకసారి కర్టెన్ లేని గదిలోకి తీసుకెళ్ళావంటే ఆ వీధి మొత్తం నీ చేయి దాటిపోతుంది.

నీ ఉత్తరం చివర్లో ప్రసవానికి సెలవు ఉందా అని చిన్న అక్షరాలతో అడిగావు. పెద్ద అక్షరాలతోనే అడుగు తల్లీ. ఆంధ్రప్రదేశ్‌లో ఆశాలకు మొదటి రెండు కాన్పులకు 180 రోజుల వేతనంతో కూడిన సెలవు, గ్రాట్యుటీ ఇవ్వాలని 2025 మార్చిలో ప్రభుత్వం నిర్ణయించింది. ఉత్తర్వు కాపీ మీ పీహెచ్‌సీలో అడిగి తీసుకో. ఊరందరి కాన్పులకూ అర్ధరాత్రి తోడు వెళ్ళేదానివి, నీ కాన్పుకు నువ్వు ఇంట్లో ఉండాలి.

ప్రశ్న: నల్గొండ జిల్లాలో రిటైర్డ్ ఉపాధ్యాయుణ్ణి. మా పల్లె దవాఖానాకు ఏదైనా చేయాలని ఉంది. యోగా నేర్పగలను. ఒక పెద్ద ఫ్లెక్సీ కూడా వేయిద్దామనుకుంటున్నాను. మీ సలహా?

జవాబు: మాస్టారూ, ఫ్లెక్సీ డబ్బులు అలా ఉంచండి. యోగా నేర్పండి, తప్పకుండా. పొద్దున ఆరింటికి, బడి ఆవరణలో, మీలాంటి పెన్షనర్లతో మొదలుపెట్టండి. కుర్చీలో కూర్చుని చేసే ఆసనాలు ఎక్కువ నేర్పండి. మోకాళ్ళు అరిగినవాళ్ళను నేలమీద కూర్చోబెడితే లేపడానికి మళ్ళీ ఆశానే పిలవాలి.

ఆ డబ్బుతో చేయదగ్గ పని ఒకటుంది. మీ ఊళ్ళో క్షయ మందులు వాడుతున్నవాళ్ళు ఉంటారు. మామూలు క్షయకు ఆరు నెలల చికిత్స. 2024 నవంబరు నుంచి పోషణ కోసం నెలకు 1,000 రూపాయలు ప్రభుత్వం బ్యాంకు ఖాతాలో వేస్తోంది. పనికి పోలేని మనిషికి, ఇంటిల్లిపాదికీ అది ఏ మూలకు? నిక్షయ మిత్రగా పేరు నమోదు చేసుకుంటే మీరు ఒక రోగికి నెలనెలా కందిపప్పు, గుడ్లు, పల్లీలు, నూనె ఇప్పించవచ్చు. రోగి అంగీకారంతోనే చేస్తారు. ఊళ్ళో పేరు బయటపెట్టకూడదు, ఫొటో అసలే వద్దు. పీహెచ్‌సీలో అడిగితే నమోదు చేయిస్తారు.

ఇంకొకటి, డబ్బు ఖర్చు లేనిది. మీ దవాఖానాలో మందులకు రాని బీపీ, షుగర్ రోగుల జాబితా సిస్టర్ దగ్గర ఉంటుంది. అది బయటివారికి ఇవ్వకూడదు, మీరు అడగవద్దు కూడా. కానీ వాళ్ళలో సగం మంది మీ దగ్గర చదువుకున్నవాళ్ళో, వాళ్ళ తండ్రులో అయి ఉంటారు. సాయంత్రం నడకకు వెళ్ళినప్పుడు కనిపించిన ప్రతివాణ్ణీ "మాత్రలు తెచ్చుకున్నావా?" అని అడగండి. ఆ వయసులో కూడా మాస్టారికి అబద్ధం చెప్పడానికి జంకుతారు. అడిగే ముందు మీ మాత్రలు మీరు తెచ్చుకున్నారో లేదో మాత్రం చూసుకోండి. ఉత్తరంలో మీకు షుగర్ ఉందని రాశారు, చివరిసారి పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారో రాయలేదు.